పెళ్ళిలోపు పొట్ట ఆపరేషన్ చేయించుకోవచ్చా?

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు పేరు రాయకుండా పెద్ద ఉత్తరం పంపారు. వయసు 38, ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. చిన్నవాడికి ఏడేళ్ళు వచ్చినా పొట్ట తగ్గలేదని, కింద చర్మం మడతపడి వేలాడుతోందని, పడుకుని లేచేటప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బుతోందని రాశారు. దగ్గితే బొడ్డు పక్కన చిన్న ఉండలాంటిది చేతికి తగులుతోందట. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు "మళ్ళీ ఏమైనా విశేషమా?" అని అడుగుతున్నారు. మెట్రోలో ఒకమ్మాయి లేచి సీటిచ్చిన రోజు ఇంటికొచ్చి ఏడ్చానని రాశారు.

ఫిబ్రవరిలో ఆడపడుచు పెళ్ళి. ఇంకా తొమ్మిది వారాలుంది. ఈలోపే సంగతి తేల్చుకోవాలని రెండు చోట్లకు వెళ్ళారు. మొదటిది ఫోన్లో ప్రకటన చూసి వెళ్ళిన క్లినిక్. అక్కడ ఎక్కువసేపు మాట్లాడింది కౌన్సెలరే. లేజర్‌తో కొవ్వు తీసేస్తామని, మూడో రోజు స్కూలుకి వెళ్ళిపోవచ్చని, 1,40,000 అవుతుందని, ఆదివారంలోపు అడ్వాన్సు కడితే 20,000 తగ్గిస్తామని, మిగతాది ఈఎంఐ పెట్టుకోవచ్చని చెప్పారు. డాక్టరు వచ్చి ఐదు నిమిషాలు చూసి వెళ్ళారు. రెండోది ఒక పెద్ద ఆసుపత్రి. అక్కడి ప్లాస్టిక్ సర్జన్ రక్తపరీక్షలు రాస్తే హెచ్‌బీఏ1సీ 7.9 వచ్చింది. తనకు షుగరుందని ఆమెకు అప్పుడే తెలిసింది. "మీకు టమ్మీ టక్ చేయాలి, రెండున్నర లక్షలు దాటుతుంది, ఆరు వారాలు బరువులెత్తకూడదు. ముందు షుగరు తగ్గాలి. పెళ్ళికి ముందు మాత్రం చేయను" అన్నారాయన. ఆ మాట కటువుగా అనిపించిందట. భర్త సరేనన్నారు గానీ, "హెర్నియా ఆపరేషనని అమ్మకి చెబుదాం" అంటున్నారు. డబ్బు పిల్లల చదువుకని దాచినదాంట్లోంచి తీయాలి. "ఎవరి దగ్గర చేయించుకోవాలి, నిజంగా ఎన్ని రోజులు పడుతుంది, అసలు నేనిలా కోరుకోవడం తప్పా?" అని అడిగారు.

అమ్మా,

చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. తప్పు కాదు. ఇద్దరు పిల్లల్ని మోసిన పొట్ట కండరాలు విడిపోవడం, చర్మం సాగిపోవడం శరీరంలో నిజంగా జరిగిన మార్పు. దాన్ని సరిచేయించుకోవాలనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆపరేషన్ అయ్యాక ఎవరూ ఏమీ అనకపోయినా, మెచ్చుకోకపోయినా, అసలు గమనించకపోయినా మీకిది కావాలా? చీర కుచ్చిళ్ళు సరిగ్గా నిలవాలి, మడత కింద చెమటకి ఒరిసిపోకూడదు, అద్దంలో నన్ను నేను గుర్తుపట్టాలి అనుకుంటే ఆపరేషన్ ఆ పని చేయగలదు. విశేషమా అని అడిగేవాళ్ళ నోరు మూయించడమే ఉద్దేశమైతే రేపు వాళ్ళు జుట్టు గురించో రంగు గురించో అడుగుతారు. వాళ్ళ కోసం కోత పెట్టించుకోకండి.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు ఇద్దరు డాక్టర్లను పోల్చి చూస్తున్నానని అనుకుంటున్నారు. నిజానికి వాళ్ళు చెప్పినవి రెండు వేర్వేరు ఆపరేషన్లు. క్లినిక్ వాళ్ళు చెప్పింది లైపోసక్షన్. లేజర్ వాడినా వాడకపోయినా సన్నటి గొట్టంతో చర్మం కింది కొవ్వును లాగేయడమే దాని పని. వేలాడే చర్మాన్ని అది కత్తిరించదు, విడిపోయిన కండరాలను దగ్గరకు కుట్టదు. కొవ్వు పోయి చర్మం అలాగే మిగిలితే మడత ఇంకా వదులై వేలాడే అవకాశం ఉంది. పడుకుని తల ఎత్తినప్పుడు మధ్యలో వచ్చే గట్టు లైపోసక్షన్‌తో పోదు. ఆసుపత్రి సర్జన్ చెప్పిన టమ్మీ టక్‌లో పొత్తికడుపు మీద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోస్తారు, లోపల కండరాలను కుడతారు, మిగులు చర్మం తీసేస్తారు, బొడ్డుకు కొత్త చోట దారి చేస్తారు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆయన మాటే మీ సమస్యకు దగ్గరగా ఉంది. కాబట్టి 1,40,000కీ రెండున్నర లక్షలకీ మధ్య తేడా చూసి లెక్కలేసుకోవడంలో అర్థం లేదు. రెండు ధరలూ ఒకే పనికి కావు.

ఆయన కటువుగా అనిపించారన్నారు. నేను సర్జికల్ వార్డుల్లో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసినదాన్ని. షుగరు అదుపులో లేనివాళ్ళ కుట్లు ఎలా ఊడతాయో, చర్మం అంచు ఎలా నల్లబడుతుందో చూశాను. టమ్మీ టక్ గాయం పొడవైనది, చర్మాన్ని లాగి బిగించి కుడతారు, అంచులకు రక్తం అందడం మామూలుగానే కాస్త కష్టం. అలాంటి చోట 7.9తో కత్తి పెట్టనన్న డాక్టరు మీ మేలు కోరే ఆ మాట అన్నారు. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల షుగరు సరాసరిని చూపిస్తుంది. ఈ రోజే మందులు, నడక, తిండిలో మార్పు మొదలుపెట్టినా తొమ్మిది వారాల్లో ఆ అంకె పూర్తిగా దిగిరాదు. పెళ్ళి ముందు కుదరదనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఆపరేషన్ సంగతి ఎలా ఉన్నా వెంటనే ఒక ఫిజీషియన్‌ని కలవండి. హెచ్‌బీఏ1సీ 6.5 వచ్చినా, అంతకు మించినా షుగరు వ్యాధి కింద లెక్క. దీన్ని పక్కన పెట్టి పొట్ట గురించి ఆలోచించకూడదు.

ఇంకో కారణం కూడా ఉంది. రేపే ఆపరేషన్ జరిగిందనుకున్నా తొమ్మిది వారాలకు మీరు పెళ్ళికి సిద్ధంగా ఉండరు. లేచి తిరుగుతారు నిజమే. కానీ వాపు పూర్తిగా తగ్గదు, సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బి బిగుసుకున్నట్టు ఉంటుంది, మచ్చ ఎర్రగా గట్టిగా ఉండే కాలం అదే. పైగా మీరు పెళ్ళికూతురి ఇంటి కోడలు. పీటల మీద కూర్చోవడం, వంగి లేవడం, సామాన్లు ఎత్తడం, రాత్రంతా నిలబడటం మీకే పడతాయి.

కోలుకోవడం గురించి ప్రకటనల్లో చెప్పనివన్నీ చెబుతాను. ఆపరేషన్ మత్తు ఇచ్చి చేస్తారు, రెండు మూడు గంటలో అంతకంటే ఎక్కువో పడుతుంది. మెలకువ వచ్చేసరికి పొట్టకు బెల్టు, పక్కల నుంచి ద్రవం బయటకు పోవడానికి సన్నటి గొట్టాలు ఉంటాయి. చాలామంది సర్జన్లు వాటిని ద్రవం తగ్గేదాకా, అంటే వారం అటూఇటూ, ఉంచుతారు. ఆ రోజో మర్నాడో లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉందని పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఆ నడక తప్పనిసరి. నడుం వంచే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి. పడుకున్నా తలవైపు ఎత్తుగా, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. దగ్గు వస్తే పొట్టకు దిండు అదుముకుని దగ్గాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, ఆ తంటా ఎవరూ ముందు చెప్పరు. మీ ఇంట్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే కమోడ్ ఏర్పాటు ముందే చేసుకోండి.

మూడు నాలుగు రోజులకు వాపు బాగా ఎక్కువవుతుంది. మనసు కూడా అప్పుడే కుంగుతుంది. డబ్బు పోసి ఈ నొప్పి ఎందుకు కొనుక్కున్నాను అనిపిస్తుంది. వార్డులో ఇలా ఏడ్చినవాళ్ళ చేతులు పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. చాలామందికి రెండో వారంలో ఆ దిగులు తేలికపడుతుంది, అప్పటికి నడుం కూడా కొంచెం నిలుస్తుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు మూడు వారాలకు వెళ్ళగలరేమో. రోజంతా నిలబడి, గొంతెత్తి పాఠం చెప్పే టీచరుకి నాలుగు వారాలైనా కావాలి. స్కూటీ సర్జన్ చెప్పేదాకా ముట్టుకోకండి, హఠాత్తుగా బ్రేకు వేయాల్సి వస్తే పొట్ట కండరాల మీదే భారం పడుతుంది. ఆరు వారాలు బరువులెత్తకూడదంటే 20 లీటర్ల నీళ్ళ క్యాను, గ్యాస్ సిలిండరు మాత్రమే కాదు, నిండు కుక్కరు, తడిబట్టల బకెట్, నిద్రపోయిన మీ చిన్నవాడు కూడా. బెల్టు ఆరు వారాల దాకా వేసుకోమంటారు. వాపు చాలావరకు తగ్గడానికి మూడు నెలలు, పూర్తిగా తగ్గడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. మచ్చ మెత్తబడి రంగు తగ్గడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మన చర్మం రంగువాళ్ళలో మచ్చలు గట్టిపడి పైకి ఉబ్బే గుణం ఎక్కువ. మీ సిజేరియన్ మచ్చ ఎలా మానిందో సర్జన్‌కి చూపించి అడగండి, దాన్నిబట్టి కొంత అంచనా వస్తుంది. బొడ్డు కింద చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది, కొంతమందికి కొంత భాగం ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. అక్కడ వేడినీళ్ళ బ్యాగు పెట్టుకోకండి, కాలినా తెలియదు.

తిండి సంగతి ఇప్పుడే చెప్పాలి. మన ఇళ్ళలో ఆపరేషన్ అనగానే పత్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని, కారప్పొడి అన్నమే పెడతారు. కోత మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చికెన్ మానేస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది. మీ షుగరుకి కూడా అన్నం కుప్ప మంచిది కాదు. ఎవరైనా పత్యం అంటే సర్జన్ చేత చీటీ మీద రాయించి చూపించండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఒక పిక్క వాచి నొప్పెడుతున్నా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. అది కాలిలో రక్తం గడ్డకట్టిన, లేదా ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిన సూచన కావచ్చు. పొట్ట ఒక పక్క హఠాత్తుగా ఉబ్బినా, జ్వరం ఎక్కినా, కుట్ల దగ్గర చర్మం నల్లబడినా, వాసన వచ్చినా సర్జన్‌కి అదే గంటలో తెలియాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, వాటితో గడ్డలు కట్టే ముప్పు పెరుగుతుంది. ఆయుర్వేదం మందులు, వెల్లుల్లి క్యాప్సూల్స్, ఆస్పిరిన్ లాంటివి ఏవి వాడుతున్నా దాచకండి.

ఇక డాక్టరు ఎంపిక. ప్లాస్టిక్ సర్జన్ అంటే మామూలుగా ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్ చేసి, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ చేసినవారు. బోర్డు మీద 'కాస్మెటిక్ సర్జన్' అని ఉంటే ఆ పేరు ఒక్కటీ ఏ డిగ్రీనీ చెప్పదు. కొద్ది రోజుల కోర్సు చేసి ఆ మాట రాసుకున్నవారూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ల రిజిస్టరు వెతకొచ్చు, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో కూడా కనుక్కోవచ్చు. పేషెంట్లను ప్రకటనలతో ఆకర్షించడం 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారమే తప్పు. ఆదివారం గడువు పెట్టి తగ్గింపు ఇస్తామన్న చోట మీకు ఆలోచించుకునే సమయం ఇవ్వడం వాళ్ళకు ఇష్టం లేదు. నాకది చాలు, ఆ క్లినిక్‌కి వెళ్ళొద్దనే అంటాను.

డిగ్రీ ఉంటే అంతా అయిపోయినట్టు కాదు. నేను ఏ సర్జన్‌నైనా అతని ముందు-తర్వాత ఫొటోలతో కాకుండా, ఆపరేషన్ అయిన పదో రోజు రాత్రి ఫోన్ ఎవరెత్తుతారన్నదానితో కొలుస్తాను. మళ్ళీ ఆ ఆసుపత్రి సర్జన్‌ని కలిసినప్పుడు ఇవి సూటిగా అడగండి. కత్తి పట్టేది మీరేనా, మీ జూనియరా? మత్తు ఇచ్చేది ఎండీ అనస్థీషియా చేసినవారేనా, ఆపరేషన్ అయ్యేదాకా అక్కడే ఉంటారా? తేడా వస్తే ఐసీయూ ఇదే బిల్డింగ్‌లో ఉందా? నెల తర్వాత ఫొటోలు అందరూ చూపిస్తారు, ఏడాది దాటిన మచ్చల ఫొటోలు, పేషెంట్ల అనుమతి ఉన్నవి, చూపించగలరా? మీ పేషెంట్లలో ఏ ఇబ్బందులు వచ్చాయి, అప్పుడేం చేశారు? నా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు అనే డాక్టరు దగ్గర ఆగకండి. ద్రవం చేరడం, ఇన్‌ఫెక్షన్, కుట్లు ఊడటం చేయి తిరిగిన సర్జన్లకూ జరుగుతాయి, వాటి గురించి మాట్లాడగలిగినవారే వాటిని చూసుకోగలరు.

ఇంకొకరి మాట కూడా వినాలనిపిస్తే పంజాగుట్టలోని నిమ్స్‌లో, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఓపీ చీటీ తీసుకుని ఎదురుచూడాలి, సగం రోజు పోతుంది. కానీ అక్కడ మీకు ఏదో ఒకటి అమ్మాలన్న తొందర ఎవరికీ ఉండదు.

సమ్మతి పత్రం మీద ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద సంతకం పెట్టే పరిస్థితి రానీయకండి. ముందే ఇంటికి తెచ్చుకుని చదవండి. సమీరా కోహ్లీ అనే పేషెంటు ఒక డాక్టరు మీద వేసిన కేసులో 2008లోనే సుప్రీంకోర్టు, ఏం చేస్తారో, ముప్పులేమిటో, వేరే దారులేమున్నాయో చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని, ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదని చెప్పింది. టమ్మీ టక్‌తో పాటు పక్కల కొవ్వు కూడా తీస్తామంటే అది కూడా కాగితం మీద ఉండాలి. మీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని నియమం ఉంది.

డబ్బు విషయంలో రెండున్నర లక్షల దగ్గర లెక్క ఆగదు. జీఎస్టీ అందులో ఉందా అడగండి, కాస్మెటిక్ సర్జరీకి అది పడుతుంది. పరీక్షలు, మార్చుకోవడానికి రెండో బెల్టు, పనిమనిషికి అదనంగా ఇచ్చేది, జీతం రాని రోజులు కలపండి. మామూలు ఆరోగ్య బీమా దీనికి వర్తించదు, తర్వాత వచ్చే ఇబ్బందులకూ చాలాసార్లు డబ్బు రాదు. అందుకని మళ్ళీ ఆపరేషన్ థియేటరుకి వెళ్ళాల్సి వస్తే సరిపడా సొమ్ము చేతిలో ఉందా చూసుకోండి. పిల్లల ఫీజులోంచి తీస్తున్నాననే దిగులు ఉన్నప్పుడు, ఏడాది ఆగి వేరుగా పొదుపు చేసుకోవడం కూడా ఒక దారే. ఈ పొట్ట ఆగితే ముదిరిపోయే జబ్బు కాదు.

ఆపరేషన్ వద్దనుకుంటే? విడిపోయిన కండరాలకు ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలతో కొందరికి బలం వస్తుంది, ఉబ్బు తగ్గుతుంది, నడుం నొప్పి తేలికపడుతుంది. చర్మం మడత మాత్రం పోదు. ఎలాగూ షుగరు కోసం బరువు తగ్గించాలి కాబట్టి రాబోయే నాలుగు నెలలు ఇదే చేయండి, ఆ తర్వాత అద్దంలో చూసి నిర్ణయించుకోండి. సర్జన్లు కూడా బరువు కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే చేయాలనుకుంటారు, లేకపోతే చేసినది చెడుతుంది. ఇంకో బిడ్డ ఆలోచన ఏ మూలైనా ఉంటే అసలు ఇప్పుడు వద్దు.

చేయించుకోవాలనే అనుకుంటే మీకు అచ్చొచ్చే సమయం వేసవి సెలవులు. ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ 12 దాకా దాదాపు ఏడు వారాలు, సెలవు చీటీ పెట్టకుండానే దొరుకుతాయి. ఇబ్బందీ ఉంది. మే ఎండల్లో బిగుతు బెల్టు వేసుకుని ఉండటం హైదరాబాద్‌లో చిన్న విషయం కాదు, కూలరో ఏసీనో ఉన్న గది కావాలి, చెమటకు చర్మం ఒరవకుండా చూసుకోవాలి. పిల్లలు కూడా ఇంట్లోనే ఉంటారు. దసరా సెలవులైతే వాతావరణం నయం, కానీ రోజులు చాలవు, జీతం నష్టపోయి ఇంకో రెండు వారాల సెలవు పెట్టాలి.

మీ అత్తగారి సంగతి. హెర్నియా అని చెబితే మొదటి రోజు గడిచిపోతుంది. తర్వాత ఆరు వారాలు ఆవిడ ముందే వంగి నడుస్తూ, గొట్టాల్లోంచి ద్రవం కొలుస్తూ, ఇంటెడు పని ఆవిడ మీద వేసి ఉండాలి. నిజం తెలిసిన రోజు ఆవిడకి కోపం వచ్చేది పొట్ట గురించి కాదు, సేవ చేయించుకుని అబద్ధం చెప్పారని. అలాగని అందరికీ చాటాల్సిన పనీ లేదు. మీవారే కూర్చుని, "ప్రసవాలప్పుడు విడిపోయిన పొట్ట కండరాలు కుట్టించుకుంటోంది, నేనే చేయిస్తున్నాను" అని వాళ్ళమ్మకి చెప్పడం ఒక దారి. ఇందులో అబద్ధం లేదు, మాట పడాల్సి వస్తే ఆయన పడతారు. పుట్టింటికి వెళ్ళి ఉంటానంటే, ఆ ఊరు హైదరాబాద్‌కి దూరమైతే మొదటి రెండు మూడు వారాలు ఒప్పుకోను. సర్జన్‌కి అందుబాటులో ఉండాలి, గంటల తరబడి బస్సులో కూర్చోవడం కాళ్ళలో గడ్డలకు దారి. మీ అమ్మనే ఇక్కడికి పిలిపించుకోండి. ఎవరున్నా సరే, మొదటి వారం రాత్రిపూట పక్కనే పడుకునే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉండాలి, వాళ్ళకి నిజం తెలిసి ఉండాలి.

దగ్గినప్పుడు బొడ్డు పక్కన తగిలే ఉండ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది సర్జన్‌కి చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే చెప్పి, ఆయన రాస్తే అల్ట్రాసౌండ్ తీయించుకోండి. అక్కడ నిజంగానే హెర్నియా ఉంటే, అందులో పేగు చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాని తొందర వేరు. ఆ ఉండ గట్టిపడి నొప్పితో వాంతులైతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. హెర్నియా మరమ్మత్తు ఖర్చు మీ బీమాలో రావచ్చు. టమ్మీ టక్ ఖర్చును అందులో కలిపి బిల్లు చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, బీమా మొత్తానికే ఎసరొస్తుంది. స్కాన్‌లో ఏం తేలిందో నాకు మళ్ళీ రాయండి. హెర్నియా ఉందంటే పైన చెప్పిన వేసవి లెక్క మారిపోతుంది, అప్పుడు షుగరు, పెళ్ళి, ఆపరేషన్ ఏ వరసలో పెట్టుకోవాలో మళ్ళీ కూర్చుని చూద్దాం.